నూట రెండు కిలోల మొక్కు

చిట్యాల,
పుష్యమాసం, ఆదివారం.

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు నాగేందర్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నీ మరదలు పుష్ప, నేను, అమ్మ పెంచుతున్న మేకలు అందరం బాగానే ఉన్నాం. మక్తల్‌లో నువ్వూ, బావా, పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నేను 'బాగానే' అన్నచోట కొంచెం దాచిపెట్టింది ఉంది. అది చివర్లో చెప్తాను. ముందే చెప్తే నువ్వు ఉత్తరం మధ్యలోనే వదిలేసి బస్సెక్కుతావు, నీ సంగతి నాకు తెలియదా?

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని బావ నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ఇక్కడ ఫోన్ మోగితే చాలు, అమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. "స్పీకర్ వెట్టురా, నా బిడ్డ గొంతు నేను ఇనొద్దా?" అంటుంది. అమ్మ సంగతి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఎట్లా మాట్లాడేది? అందుకే కాగితం.

పత్తి రెండో ఏరుడు అయిపోయింది. మిల్లుకు పోయే లారీలు, ట్రాక్టర్లు మా ధర్మకాంట ముందు పొద్దంతా వరుస కట్టి ఉంటున్నాయి. నా పని నీకు తెలిసిందే కదా, కుర్చీలో కూర్చుని అద్దంలోంచి చూస్తూ లారీల తూకం చెప్పడం. ఈ కుర్చీయే నన్ను ఇంతవాణ్ణి చేసిందని పుష్ప అంటుంది. ఇంతవాణ్ణి అంటే ఉద్యోగం సంగతి కాదు, నడుము చుట్టుకొలత సంగతి. బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఆ పసరు కట్లు ఆపి ఒకసారి పెద్ద దవాఖానలో చూపించమని నా మాటగా చెప్పు.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది సులువు. నువ్వు పంపిన జొన్నపిండి ఇంకా ఉంది. రాత్రిపూట అన్నం మానేసి రొట్టె తింటున్నాను. పుష్పకు చేత్తో రొట్టె కొట్టడం ఇప్పుడు బాగా వచ్చింది. మొదటి వారం చేసినవి మాత్రం మేకలకే పెట్టాం, అవి కూడా కాసేపు ఆలోచించి తిన్నాయి.

రెండోది, "ఎంత తగ్గినవ్ తమ్మీ, అబద్ధం రాయకు" అన్నావు. రాయను. ఉగాదికి మన ఊరి పిల్లల కబడ్డీ పోటీల్లో నేను చేసిన ఘనకార్యం నీకు గుర్తుండే ఉంటుంది. యూనివర్సిటీకి ఆడినవాణ్ణి కదా, ఒక్కసారి కూతకు పోయి వస్తానని ప్యాంటు మడిచి దిగాను. ఇద్దరిని ముట్టాను కూడా. గీత దాకా వచ్చి, గీత మీదే పడిపోయాను. పిల్లలు మొదట చప్పట్లు కొట్టారు, నటిస్తున్నాననుకుని. గుండె నాళం మూసుకుపోయిందని హైదరాబాద్‌లో స్టెంటు వేశారు. ఆ రోజు ఆసుపత్రి కాంట మీద నా బరువు నూట రెండు కిలోలు.

డాక్టర్ అప్పుడు నీ ముందే ఒక మాట చెప్పాడు. ఇంకో నాళం కూడా సన్నబడుతోంది, ఎనభై ఐదుకు వస్తే మందులతో నెట్టుకు రావచ్చు, లేకపోతే ఛాతీ కోయక తప్పదు అన్నాడు. మళ్ళీ పరీక్ష శివరాత్రి తర్వాత. ఆయన లోపల ఆ మాట చెప్తున్న వేళకే బయట వరండాలో అమ్మ మేడారం దిక్కు తిరిగి దండం పెట్టింది. నేను బతికి బయటపడితే నా ఎత్తు బంగారం, అంటే నా బరువంత, గద్దెకు తెస్తానని మొక్కింది. మేడారం తల్లికి బెల్లమే బంగారం కాబట్టి సరిపోయింది. జాతర ఈ మాఘంలోనే. అంటే ముందు అమ్మవారి తూకం, ఆ వెనకే డాక్టర్ తూకం. నా బతుకంతా కాంటల చుట్టే తిరుగుతోంది.

మొదటి మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. పొద్దున్నే నడక, చక్కెర బంద్, కల్లు బంద్. నేను మళ్ళీ ఆటగాణ్ణయిపోయానని మీసం మెలేశాను. వానలు మొదలయ్యాక తొంభై మూడు దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగింది అంతే. డ్యూటీకి పోగానే పత్తి బస్తాలు తూచే చిన్న కాంట మీద నిలబడతాను. తొంభై మూడు. చెప్పులు విప్పి నిలబడితే తొంభై మూడు. ఒకసారి జుట్టు కత్తిరించుకుని వచ్చి నిలబడ్డాను, నవ్వకు. ఎప్పుడూ వచ్చే లారీ డ్రైవర్ ఒకడు అది చూసి, "అన్నా, లారీ తూకం చిటికెల జెప్తవ్, నీదే జర కిందికి దిగుతలేదాయె" అన్నాడు. వాడి లారీని ఆ రోజు కావాలనే ఎండలో ఆపాను.

పోటీలకు ముందు బరువు చూసేవాళ్ళు కదా, అది నీకు గుర్తుందా? రెండు కిలోలు ఎక్కువుంటే రెండు స్వెట్టర్లు వేసుకుని చెరువు కట్ట మీద పరుగెత్తేవాణ్ణి. మంచినీళ్ళు ముట్టేవాణ్ణి కాదు. సాయంత్రానికి బరువు దిగాల్సిందే, నేను చెప్పినట్టు ఒళ్ళు వినేది. దసరాకు అదే విద్య మళ్ళీ చేశాను. పుష్ప రెయిన్‌కోటు తొడుక్కుని ఎండలో పరుగెత్తాను. కళ్ళు తిరిగి రోడ్డు పక్కన కూలబడితే ఎవరో ఇంటికి తెచ్చి దింపారు. పుష్ప తిట్టిన తిట్లు రాయడానికి ఈ కాగితం చాలదు. చివరికి, "గింత కష్టపడి ఎవలతోని మ్యాచ్ వెట్టుకున్నవ్, యమునితోనా?" అని ఏడ్చింది.

తిండి సంగతి చెప్పే నర్సమ్మ ఒకామె ఉంది దవాఖానలో. తిండి తగ్గేసరికి ఒళ్ళు కరువొచ్చిందనుకుని పొదుపు చేయడం మొదలుపెడుతుందట. తొందరపడొద్దు, రోజూ తూకం చూసుకోవద్దు, మళ్ళీ దిగుతుంది అంది. నాకు కోపం వచ్చింది. నేను ఓడిపోయిన ఆటలు చాలానే ఉన్నాయి అక్కా, ఓటమికి నేను భయపడను. కానీ కష్టపడితే ఫలితం ఉంటుందని చిన్నప్పటి నుంచీ నమ్మినవాణ్ణి. కష్టపడుతున్నా కాంట కదలకపోతే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. కొన్ని రోజులు సిగ్గుతో పిల్లలు కబడ్డీ ఆడే గ్రౌండు వైపు పోవడమే మానేశాను.

ఇక నీ మూడో ప్రశ్న. అమ్మ ఫోన్లో "వాడు మంచిగనే ఉన్నడు" అంటూనే ఎందుకు ఏడ్చిందని అడిగావు. దీనికి కొంచెం వెనక్కి పోవాలి.

మన ఇంట్లో జీవాల బరువును ఎప్పుడూ కాంటతో చూడలేదు. నాయిన మందను తోలుకొస్తే అమ్మ దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కో గొర్రె నడుము మీద చెయ్యి వేసి లోపలికి వదిలేది. వెన్నెముక గట్టిగా తగిలిందంటే ఆ గొర్రెకు రోగం మొదలైందన్నమాట. దాన్ని పక్కన కట్టేసేది. ఇదంతా నీకు తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు అత్తగారింటికి పోయాక ఒకరోజు అమ్మ నాయిన వీపు రుద్దుతూ మధ్యలో చెయ్యి ఆపేసింది. నేను వాకిట్లోనే ఉన్నాను. ఆ పూట నుంచి నాయిన పళ్ళెంలో నెయ్యి పోసుడు మొదలుపెట్టింది. దవాఖాన వాళ్ళు కడుపులో గడ్డ ఉందని చెప్పింది ఆ తర్వాత ఎప్పుడో. నెయ్యి తింటూనే చెన్నయ్య ఎముకల గూడై పోయిండని నాయిన చావుకు వచ్చినవాళ్ళంతా అన్నారు.

నాకు రాత్రి డ్యూటీ పడినప్పుడు పగలు పడుకుంటాను. కార్తీకంలో ఒక మధ్యాహ్నం సగం నిద్రలో ఉండగా నా నడుము మీద అమ్మ చెయ్యి పడింది. అట్లాగే వెన్ను మీదుగా పైకి పోయి ఆగింది. నేను కళ్ళు తెరవలేదు. తర్వాత వారం డ్యూటీ నుంచి తొందరగా వచ్చాను. పుష్ప అప్పటికే బడిలో పిల్లలకు వంట చేయడానికి పోయింది. అమ్మ వంటింట్లో నా రాగిజావలో పల్లీల పొడి, దాని మీద రెండు గరిటెల నెయ్యి వేసి, పైకి తేలకుండా కలుపుతోంది. నేను చప్పుడు కాకుండా వాకిట్లోకి పోయి, దగ్గుకుంటూ మళ్ళీ వచ్చాను. అమ్మ గ్లాసు ఇచ్చింది. తాగాను.

దాచిపెట్టింది ఇదే అక్కా. ఆ రోజు నుంచి తెలిసి తెలిసి రెండు నెలలు తాగాను. పుష్పకు చెప్పలేదు. డాక్టర్ అడిగితే నా ఒళ్ళే అంతేనన్నాను. అమ్మ బాధపడుతుందని తాగానని చెప్పుకోవచ్చు. సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, పోటీలకు పోయేముందు అమ్మ నాకు పోసిన జావ అదే. అదే గ్లాసు, అదే రుచి. తాగి మూతి తుడుచుకుంటుంటే ఆవలి జట్టువాళ్ళు నా పేరు చెప్పుకుని భయపడే రోజులు కళ్ళ ముందుకు వచ్చేవి. ఈ ముసలి ఒళ్ళు నా మాట వినడం లేదన్న దిగులు ఆ కాసేపు ఉండేది కాదు. గుండెకు మంచిది కాదని తెలిసినా ఆ కాసేపు కావాలనిపించేది.

మూడు వారాల కింద కాంట గది మెట్లు ఎక్కుతుంటే ఛాతీ పట్టేసింది. చెమటలు పోశాయి. వెంటనే పుష్పకు ఫోన్ చేశాను. దవాఖానకు పోయి చూపించుకున్నాం. ఈసారికి గండం లేదన్నారు, నువ్వు భయపడకు. ఇంటికి వచ్చి అంగీ విప్పి అమ్మ మంచం మీద కూర్చున్నాను.

"పండుకున్నప్పుడు ఎందుకమ్మా, ఇప్పుడే వట్టి చూడు" అన్నాను.

"నేనేం వట్టి చూసిన్రా?"

"నీ చెయ్యి నాకు తెల్వదా?"

అమ్మ నా దగ్గరికి జరిగి కూర్చుంది. తర్వాత మెల్లగా నడుము మీద చెయ్యి వేసింది.

"ఎముక తగులుతాంది బిడ్డా."

"తగలాలెనే. నాయినను రోగం తిన్నది, గందుకు సన్నవడ్డడు. నా రోగమే కొవ్వుల ఉన్నది. నేను సన్నవడితే గది పోతది."

"నీకు సదువున్నది, రెండు తీర్ల తెలుస్తది. నా చేతికి ఒక్కటే తెలుసు కొడుకా. సన్నవడ్డోళ్ళు నాకు దక్కలే" అంది. మెట్ల మీద నొప్పి వచ్చిన సంగతి చెప్పాను. జావ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసనీ చెప్పాను. అమ్మ నా మొఖం దిక్కు చూసి, "తెలిసి ఎందుకు తాగినవ్రా?" అని వీపు మీద ఒక్కటి చరిచింది. చిన్నప్పుడు కొట్టినట్టే కొట్టింది. లేచిపోయి నెయ్యి గిన్నె తెచ్చి పుష్ప చేతిలో పెట్టి, "దీన్ని నాకు కనవడకుంట దాచు, నా చెయ్యి ఊకోదు" అంది. అదే సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు. అందుకే ఏడ్చింది.

నెయ్యి మానేశాక వారంలోనే తొంభై ఒకటికి దిగాను. ఇక దారి దొరికిందని సంబరపడ్డాను. అక్కడ మళ్ళీ ఆగింది. తప్పంతా అమ్మ గరిటె మీద వేద్దామనుకున్నాను గానీ కుదరలేదు, ఒళ్ళు నిజంగానే మొండికేసింది. ఇప్పుడు నర్సమ్మ చెప్పినట్టు వారానికి ఒక్కసారే కాంట ఎక్కుతున్నాను. నడుస్తున్నాను. శివరాత్రి నాటికి ఎనభై ఐదు కాకపోవచ్చు. నిజం చెప్తున్నాను, భయంగానే ఉంది. అయినా నడుస్తున్నాను.

మొక్కు సంగతి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. "నూట రెండు కిలోల కొడుకును అడిగిన, తల్లి ఇచ్చింది. గిప్పుడు తక్కువ తూస్తే దొంగతనం గాదా?" అంటోంది. ఇక్కడి బెల్లం దుకాణంలో పెద్ద తరాజు ఉంది. జాతరకు బయలుదేరే ముందు రోజు అక్కడే తూకం. ఒక పళ్ళెంలో నూట రెండు కిలోల బెల్లం ముందే పెట్టించాలట, రెండో దాన్ని నేలకు అదిమి పట్టుకుంటే నేను కూర్చోవాలట. ఊళ్ళో వాళ్ళంతా వస్తారు. పట్టుకున్నవాళ్ళు వదలగానే నా పళ్ళెం పైకి లేస్తుంది. పోరగాళ్ళు ఈలలు వేస్తారు, పుష్ప సంబరపడుతుంది, నేనూ మీసం మీద చెయ్యి వేస్తానేమో. అమ్మకు మాత్రం కొడుకు తగ్గినంత మేర కళ్ళ ముందే కనిపిస్తుంది.

అందుకని బావకు చెప్పి ఒకరోజు ముందే రా అక్కా. నా పక్కన నిలబడొద్దు. అమ్మ పక్కన నిలబడు. నా పళ్ళెం నేల విడిచి లేచేటప్పుడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకో.

ఇట్లు,
నీ దారి చూసే తమ్ముడు
నాగేందర్