ముప్పై ఒక్కమంది తల్లులు, ఒకే ఫోను నంబరు

ఫిబ్రవరి 3, సోమవారం

మా కోర్సు ప్రాజెక్టుకు జిల్లా ఆసుపత్రి డేటా వచ్చింది. ఏడాది కాన్పులు, తేదీ, తల్లి ఊరు, ఫోను. పేర్లు తీసేసి ఇచ్చారు, నంబర్లు తీయడం మరిచారు. సరస్సులో రెండు దీవులున్నాయి. మా లెక్క చూసి, కాన్పులెక్కువ ఉన్న దీవికి ఒక నర్సును, మోటారు పడవను ఇస్తారట. ఆ రెండింటిలో ఒకటి మా ల్వాజి. అక్కడ మా నస్సాలి అక్కకు తొమ్మిదో నెల. నాకేం కావాలో నోరు విప్పి చెప్పలేదు. ప్రాజెక్టులో నా జోడీ ఒపొలోట్‌కి చెప్పకుండానే తెలిసిపోయింది.

ఫిబ్రవరి 5, సాయంత్రం 4

డేటా క్లీనింగ్. ఒకే నంబరు ముప్పై ఒక్కసార్లు! ఊరూ ఒకటే, ఒడ్డున మా మేనత్త ఉండే రేవు. ముప్పై గడపల్లో ముప్పై ఒక్క కాన్పులా అని నవ్వొచ్చింది. గుమస్తా బద్ధకంతో కాపీ కొట్టాడని ఒపొలోట్ తేల్చాడు. ఒకటి ఉంచి ముప్పై డిలీట్ చేశాను. హాయిగా రెండు గుడ్డు చపాతీలు తిన్నాను.

ఫిబ్రవరి 6

పక్క దీవి: పద్దెనిమిది. ల్వాజి: రెండు. ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 8, శనివారం

అక్క కాన్పుకని రేవులో మేనత్త ఇంటికి వచ్చేసిందట. ఒపొలోట్ అటే వెళ్తున్నాడు కదా అని పుట్టబోయే బిడ్డ బట్టల మూట ఇచ్చి, అత్త నంబరు చెప్పాను. రాసుకుంటూ సగంలో పెన్ను ఆపాడు. మిగతా అంకెలు తనే చెప్పాడు.

నా ఫోన్లో అది ఎప్పుడూ "అత్త" అనే ఉంటుంది. అంకెలు ఎవరు చూస్తారు?

ఫిబ్రవరి 9

ఇద్దరం వెళ్లాం. అత్త చేపలు తోముతోంది. ల్వాజి ఆడవాళ్లు నెలలు నిండగానే ఆవిడ వసారాలోనే దిగుతారట. దీవివాళ్లంటే ఎప్పుడూ ఆలస్యమేనని నర్సులు తిడతారు కనుక రేవు పేరు చెబుతారట. దీవిలో సిగ్నల్ ఉండదు కనుక నంబరు ఆవిడది. ఏడేళ్లకే హాస్టల్లో పడ్డ నాకు ఇవేవీ తెలియవు.

చేసింది చెప్పాను. అత్త కత్తి పక్కన పెట్టింది.

"ఏమే నబ్బోసా, ముప్పైమంది తల్లుల్ని ఒక్క నొక్కుడుతో తుడిచేశావా? నువ్వు పుట్టినప్పుడూ ఈ రేవే రాయించానే!"

సిగ్గుతో చచ్చాను. తర్వాత ఆవిడ ఒక్కో తల్లినీ తలుచుకుంటూ చెప్పింది, మేం తేదీలతో సరిచూశాం. నలుగురు రేవువాళ్లు, ఇరవై ఏడుగురు మావాళ్లు. తేదీలన్నీ వేరని అప్పుడే చూసి ఉండాల్సింది. మటోకే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు పెట్టింది. ఒపొలోట్ మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ఫిబ్రవరి 14

ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడే మా తప్పు. ఒపొలోట్ పట్టుబట్టాడు. తర్వాత ల్వాజి: ఇరవై తొమ్మిది. జిల్లా అధికారి ఆ అత్త ఎవరని అడిగి పేరు రాసుకున్నారు. ఏప్రిల్ నుంచి పడవ మాదే. ఇంత సంతోషం ఎప్పుడూ ఎరగను.

ఫిబ్రవరి 19, ఉదయం 10

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. గుమస్తా ఊరడిగితే అలవాటుగా అత్త నోరు తెరిచింది, అక్క ముందే చెప్పేసింది.

ఊరు: ల్వాజి.

ఫోను: అత్తదే.