తలకిందుల బతుకమ్మ

సెప్టెంబర్ 18, గురువారం

ఈ రోజు నుంచి నేను ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటున్నాను! చదివింది ఏడో తరగతి. చాలు.

సంగతి ఇది. పోయిన కార్తీకంలో మా బిడ్డ దీక్షిత జ్వరంతో పోయింది. ఏడాది తిరగలేదు కాబట్టి ఇంట్లో పండుగ లేదు, బతుకమ్మ పేర్చకూడదు. మా అత్తమ్మ ఇందిరమ్మ మాట ఇది. అయితే లాప్‌టాప్‌లో పేర్చకూడదని ఆమె అనలేదు. నేను అడగలేదు కూడా. అడిగితే అంటుంది.

దీక్షిత పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చదివేది. చుక్కలతో, పేర్లతో తెర మీద ముగ్గులు వేసే చిట్టి ప్రోగ్రాంలు రాసేది. ఎంత పొట్టిగా రాస్తే అంత గొప్పట. పోయిన బతుకమ్మకు నేను గునుగుపూలకు రంగు అద్దుతుంటే పక్కన కూర్చుని వెక్కిరించింది.

"నీ బతుకమ్మకు పొద్దంత పడ్తది అమ్మా. నాది ఒక్క లైను."

"ఏదీ, చేసి చూపియ్."

"పరీక్షలైనంక."

ఆ పరీక్షలు కాలేదు.

నిర్ణయం: పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి, పూలకు బదులు దాని పేరుతో ఒక బతుకమ్మ. నా చేత్తో. ఒక్క లైన్లో!

కావలసినవి: దాని లాప్‌టాప్ (బీరువాలో, దాని చున్నీలో చుట్టి ఉంది). కులసుం. ధైర్యం. అత్తమ్మ మధ్యాహ్నం నిద్ర.

సెప్టెంబర్ 19, శుక్రవారం

కులసుం వచ్చింది. దీక్షిత పక్కన కూర్చుని చదువుకున్న పిల్ల. ఇప్పుడు బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్లో పని.

"ఫికర్ జెయ్యకున్రి ఆంటీ. కంప్యూటర్‌కు రెండే చెప్పాలె. ఏం రాయాలె, ఎన్నిసార్లు రాయాలె. గంతే."

"గంతేనా బిడ్డా? మీ అంకుల్‌కు ఏదన్న చెప్పాల్నంటే నూరుసార్లు చెప్పాలె."

ఒక్క వేలితో కొట్టాను. నొక్కాను. దీక్షిత దీక్షిత దీక్షిత. మూడుసార్లు వచ్చింది! చప్పట్లు కొట్టేశాను.

ముందు గదిలోంచి అత్తమ్మ: "ఏం చప్పుడే గిరిజా?"

"దోమ అత్తమ్మా!"

కులసుం నోట్లో దుపట్టా కుక్కుకుంది.

ఇంత తేలికా! ఇట్లాగైతే దసరాకు ఉద్యోగానికి పోవచ్చు.

సెప్టెంబర్ 21, ఆదివారం. ఎంగిలిపూల బతుకమ్మ

పండుగ మొదటి రోజు. వీధంతా పాటలు. మా తలుపు మూసి ఉంది.

నాకేం, నా పని నాకుంది. ఒక వరుసలో ఐదు పేర్లు, ఇంకో వరుసలో నాలుగు, మూడు... అన్నీ ఎడమ పక్కకే వచ్చి పడ్డాయి. గోడకు ఆనుకుని కునికే బతుకమ్మ. కులసుంకు ఫోన్ చేశాను.

"ప్రతి వరుసల ముందుగాల ఖాళీ పెట్టాలె ఆంటీ. అప్పుడే నడుమకొస్తది. ఖాళీ గూడ లెక్కనే."

ఖాళీ కూడా లెక్కే. ఈ సంగతి నాకు ముందే తెలుసు.

సెప్టెంబర్ 23, మంగళవారం

వరుసకొక లైను చొప్పున రాసుకుంటూ పోయాను. వరుసకు ముందు ఖాళీకి ఇంకో లైను. చూస్తే చాంతాడంత అయింది. కులసుం చూసి పడీపడీ నవ్వింది. "గిది ప్రోగ్రామా ఆంటీ, పెండ్లి పత్రికనా? చుట్టాలందరి పేర్లున్నయ్!"

మా ఆయన మల్లికార్జున్ టైర్ల కొట్టు నుంచి అన్నానికి వచ్చి మా ఇద్దరినీ పట్టేశాడు. సంగతి చెప్పక తప్పలేదు. అంతా విని ఆయన అన్నది ఇదొక్కటే: "ఒక్క లైన్లనా? నీకు ఒక్క ముక్కల చెప్పుడు ఎప్పుడొచ్చిందే?"

సాయంత్రం ఆయనకు చాయ్ లేదు.

సెప్టెంబర్ 25, గురువారం

ఈ రోజు చేయలేదు. కారణాలు:

కరెంటు పోయింది (మళ్లీ వచ్చింది, అది వేరే మాట).
జొన్నలు ఎండబెట్టాలి.
వేలు నొప్పి.
చిరాగ్‌పల్లి నుంచి ఆడబిడ్డ వచ్చింది. ఆమె వస్తే నోటికే తీరిక ఉండదు, వేలికెక్కడిది?

అసలు కారణం రాయను. సరే, రాస్తాను. చున్నీ విప్పినప్పుడల్లా దాని వాసన కొంచెం తగ్గుతోంది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఏం రాయాలో చెప్పాను. ఎన్నిసార్లో చెప్పడం మరిచాను!

ఇక ఆగదే! దీక్షిత దీక్షిత దీక్షిత... వానాకాలం వాగులా తెర మీద ఒకటే పోత. ఆపడం ఎట్లాగో కులసుం మొదటి రోజే చెప్పింది. నేను ఆపలేదు.

పొయ్యి మీద రొట్టె మాడింది. మా ఆయన వాసన పట్టి లోపలికి వచ్చి నా వెనక నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి మిగతా రొట్టెలు ఆయనే కాల్చాడు. ఒక్కటీ గుండ్రంగా లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

నా వల్ల కాదు. కులసుం కోహీర్ వెళ్లింది, వాళ్ల అక్క పెళ్లి. ఒక్క లైను లేదు, బతుకమ్మ లేదు. చున్నీ చుట్టి బీరువాలో పెట్టేశాను. ప్రోగ్రాం ఎవరు కనిపెట్టారో వాళ్ల రొట్టెలు మాడ!

సెప్టెంబర్ 30, మంగళవారం. సద్దుల బతుకమ్మ

పొద్దుగూకే వేళ. ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని పోతున్నారు. కూర్చోలేకపోయాను. బీరువా తెరిచాను.

ఒక్క లైను కాకపోతే పోనీ. పూలు పేర్చినట్టే పేర్చాను. ముందు పెద్ద వరుస, దాని మీద కొంచెం చిన్నది, ఆ పైన ఇంకా చిన్నది. ఖాళీలు కూడా వరుసలోనే కలిపేస్తే మూడు లైన్లలో ఒదిగింది. నొక్కాను.

"గదేందే?" గుమ్మంలో అత్తమ్మ!

"ఏం లేదత్తమ్మా."

"ఏం లేదా? పగటి పూట గన్ని దోమలు ఎక్కడివో నాకెరుక లేదా? జరుగు."

వంగి తెర మీదికి చూసింది.

"బతుకమ్మనా?"

"అవునత్తమ్మా."

"మరి తలకాయ మీద నిలవెట్టినవేందే? ఎవలన్న గిట్ల పేరుస్తరా?"

అప్పుడు చూశాను.

దీక్షిత దీక్షిత దీక్షిత
      దీక్షిత దీక్షిత
            దీక్షిత

మనం కింది నుంచి పైకి పేరుస్తాం. కంప్యూటర్ పై నుంచి కిందికి రాస్తుంది! ఇన్ని రోజుల్లో ఈ ఒక్క ముక్క నా బుర్రకు తట్టలేదు. కులసుం లేదు. సరిచేయడానికి వ్యవధి లేదు, అత్తమ్మ నెత్తి మీదే ఉంది.

"తిప్పు దాన్ని," అంది అత్తమ్మ.

"తిప్పితే అక్షరాలు తలకిందులైతయ్ అత్తమ్మా."

"అయితే నాకేందే? నాకు చదువ రాదు. తిప్పు!"

లాప్‌టాప్‌నే ఎత్తి తలకిందులుగా నిలబెట్టాను. బతుకమ్మ చక్కగా నిలబడింది.

"ఇగో, గిట్లుండాలె. ఏ పువ్వు వెట్టినవే?"

"దీక్షిత, అత్తమ్మా. అన్ని వరుసలు దీక్షితనే."

అత్తమ్మ కొంగుతో తెర తుడిచింది. తర్వాత, కూర్చున్న చోటే, మెల్లగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. పాట లేదు. వట్టి చప్పట్లే. నేనూ కలిపాను.

బయట నుంచి మా ఆయన కేక: "ఏంది చప్పుడు?"

ఇద్దరం ఒక్కసారే అరిచాం: "దోమలు!"

అక్టోబర్ 1, బుధవారం

పొద్దున్నే అత్తమ్మ చెంబు నిండా నీళ్లతో వచ్చింది. "మరి నీళ్లల్ల ఇడువద్దా దాన్ని?" లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఇంట్లో మూడు చుట్లు ఉరికాను. చివరికి మూత మూస్తే పంపినట్టేనని ఒప్పుకుంది. మూత ఆమే మూసింది.

దీక్షితది ఒక్క లైను. నాది మూడు, అదీ తలకిందులు. నా బిడ్డే గెలిచింది. ఇప్పటికి గెలవనీ.

మళ్లీ మొదలుపెడుతున్నాను. చిన్న వరుస ముందు, పెద్దది చివర. ఖాళీలు మరవొద్దు. ఒక్క లైను! రేపటి నుంచే!

రేపు దసరా కదా. ఎల్లుండి నుంచి.