రాతిపలకల కింద మీటర్లు

దేవరాజులు గారికి,

మా మునిసిపాలిటీ నీటి మీటర్లకు మీ కంపెనీ సిమ్ నెట్‌వర్క్‌ను కాదని రేడియో నెట్‌వర్క్‌ను ఎంచుకున్నాం. కారణం అడిగారు కనుక రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట మీరు ఇక్కడే ఇంజనీరుగా ఉండి మగ్గాల వీధిలో బిగించిన సిమ్ మీటర్లు రాతిపలకలు కప్పిన గుంతల్లోంచి రీడింగులు పంపలేదు. ఆ సంగతి బయటపడకుండా, చేత్తో రీడింగులు రాసుకొచ్చిన మునిప్రసాద్‌వి దొంగ లెక్కలని పని మాన్పించారు. ఆయన మా నాయన. తర్వాత పూతలపట్టులో లారీలకు కాపలా కాశాడు.

ఈసారి పరీక్షకు చోటు చూపించే పని నాకొచ్చింది. అదే మగ్గాల వీధి, అవే ఇరవై గుంతలు చూపించాను. రేడియోకు పద్దెనిమిది మీటర్లు అందాయి, మీ సిమ్‌కు నాలుగే. గుంతల మీది రాతిపలకలు ఎత్తడానికి నాయనను నేనే పిలిపించాను. ఆయన వంగి చదివిన ప్రతి అంకెనూ, కంపెనీ తరఫున వచ్చిన మీ చేతే రాయించాను. మీరు ఒక్కో అంకే రాసుకుంటుంటే నాకు కడుపు నిండింది.

ఆయన మాత్రం, “ఎండ జాస్తిగా ఉండాది సార్, నీడకొచ్చి రాసుకోండి,” అన్నాడు.

మా ఇంటికొచ్చి క్షమాపణ చెబుతానని కబురు పంపారు. రావద్దు. మీరు కూర్చోకముందే నాయన క్షమించేస్తాడు. అది నేను చూడలేను.

ఇట్లు,
మునిప్రసాద్ కూతురు