సంపు విప్పుతున్నాం, నువ్వూ రా

బాబాయ్, నీ తర్వాత షెడ్డు నడుపుతున్న ప్రసాదు కంకిపాడు రైతుకి ద్రోహం చేశాడు. ట్రాక్టరు ఇంజన్ బిగించేటప్పుడు, అడుగున ఆయిల్ నిలిచే సంపు తొట్టి కార్కు ప్యాకింగుకి షెల్లాక్ జిగురుకి బదులు సిలికాన్ పేస్టు దట్టంగా పులిమాడు. ఆ పేస్టు లోపల ఊడి ఆయిల్ జల్లెడకి అడ్డం పడి ఉంటుంది. నాట్ల మధ్యలో ఆయిల్ అందక ఇంజన్ పట్టేసింది. "ఆయిల్ చూసుకోకపోతే మాదా తప్పండీ?" అని రైతునే దబాయిస్తున్నాడు.

"అట్లపెనానికి నూనె రాసినట్టు పల్చగా రాయరా, పిడక కొట్టినట్టు కాదు" అని నువ్వు తిట్టేవాడివి. నేను ఆ మాటే అంటే, "మీ బాబాయ్ పోయాడు, ఆ పద్ధతీ పోయింది" అని నవ్వాడు. కాలరు పట్టుకోబోయి ఆగాను. కోపం కంటే సాక్ష్యం గట్టిదని ఏదో కరపత్రంలో చదివాను.

జల్లెడ శుభ్రంగా ఉంటే ఈ షెడ్డులో నా పని పోతుంది. పోనీ. నీ స్పానరుతో ఆ సంపు అందరి ముందూ నేనే విప్పుతాను. రేపు పొద్దున ఎనిమిదింటికి షెడ్డు ముందుకి రమ్మని మెకానిక్కులందరికీ చెప్పాను.

నువ్వూ రా, బాబాయ్.