పోర్చుగల్‌కు జమానత్

సైదాబాద్, మార్చి 3

పెద్దబాపుకు నమస్కారాలు.

ఫోన్ చేస్తే "మాటకు సాక్ష్యమేది?" అంటారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పాత కట్టడాల మీద రాలిపోయిన రంగు టైల్స్ మళ్లీ అతికించే పని నేర్పుతామని పోర్చుగల్ వాళ్లు నన్ను రెండు వారాలకు పిలిచారు. మన ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. విమానం ఎక్కే మొదటి మనిషినీ నేనే కావాలని ఆశ. టికెట్, బస, బీమా, ఏ రోజు ఎక్కడ ఉంటానన్న పట్టిక, అన్నీ సిద్ధం చేశాను. వీసా దరఖాస్తుకు ఇంటి పెద్ద ఉత్తరం ఒకటి జతచేస్తే మంచిదట. "మా అమ్మాయి వెళ్లి తిరిగి వస్తుంది" అని టైపు చేసి నాకు పంపండి.

మీ మాన్య

తా.క. రెండు వాక్యాలు చాలు. మీ సంగతి తెలిసి చెబుతున్నాను.

నయాపూల్, మార్చి 7

చి. మాన్యకు ఆశీర్వాదాలు.

ఫికర్ చెయ్యకు. బడి గడప తొక్కని నేను కోర్టు గేటు కాడ అర్జీలు చూసి కొట్టుకుంటనే టైపు నేర్సిన. నలభై ఏండ్లల్ల ఒక్కటే ఎరుకైంది: దయ పుట్టకుంటే ఏ దొరా సంతకం పెట్టడు. అందుకే "పిల్ల నిరుపేద, ఇక్కడ దిక్కులేదు, తమరు కాదంటే బతుకు ఆగమైతది" అని నాలుగు పేజీలు కొట్టిన. నీ చేతికిస్తే దిద్దుతవని సీదా వీసా ఆఫీసుకే రిజిస్టర్ పోస్టు చేసిన.

నీ పెద్దబాపు వైకుంఠం

తా.క. రెండు వారాలని రాయలే. "తమరి దయ ఉన్నన్ని రోజులు" అని రాసిన. అడిగేటప్పుడు తక్కువెందుకు అడగాలె?

సైదాబాద్, మార్చి 10

పెద్దబాపూ,

నమస్కారం రాయడానికి కూడా చేయి ఆడటం లేదు. దిక్కులేని వాళ్లకు వీసా ఇవ్వరు, అక్కడే ఉండిపోతారని వాళ్ల భయం. నాకు ఉద్యోగం ఉందని, సెలవు మంజూరైందని, పదిహేనో రోజుకు ఇంట్లో ఉంటానని చూపించాలి. పదిహేడున ఇంటర్వ్యూ. ఈ సీటు పోతే మళ్లీ పిలవరు. దయచేసి ఇంకేమీ పంపకండి.

మాన్య

తా.క. మీ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ "ఎంత మంచిగ రాసిండో" అని ఏడ్చింది.

నయాపూల్, మార్చి 13

చి. మాన్యకు ఆశీర్వాదాలు.

ఓస్, పారిపోతవని భయమా? గది ముందే చెప్పొద్దా! స్టాంపులమ్మే అజ్మత్ అలీ భాయ్‌ను అడిగిన. "మన బిటియాకు నేనుండంగ ఫికరేంది ఉస్తాద్, జమానత్ నేనిస్త" అని అప్పుడే సంతకం గీకిండు. నువ్వు రోజు పొద్దుగాల పది గంటలకు అక్కడి ఠాణాల హాజరు ఏయించుకుంటవనీ, పరారైతే మేమిద్దరం పట్టుకొచ్చి అప్పజెప్తమనీ రాసి, ఇంకో రిజిస్టర్ పోస్టు చేసిన.

నీ పెద్దబాపు

తా.క. నీ మీద కేసే లేదంటే ఎవలు నమ్ముతరు? "ఒక కేసుండె, సాక్ష్యం లేక కొట్టేసిన్రు" అని రాసిన. నంబరు గూడ ఏసిన.

సైదాబాద్, మార్చి 29

పెద్దబాపుకు,

వీసా రాలేదు. ఇంటర్వ్యూలో మేడం నా కాగితాలు తిప్పి చూసి, నవ్వి, "ఇంకేమైనా చెప్పాలా?" అంది. మీ రెండు కవర్లూ ఫైల్లో ఉంటాయి కదా, ఆమె అడిగేలోపు నేనే చెప్పేయడం మంచిదనుకున్నాను. నేను దిక్కులేనిదాన్ని కాదు, ఆ కేసు అబద్ధం, అజ్మత్ అలీ చాచా పూచీతో నాకు పనిలేదు, నేను పరారయ్యే మనిషిని కాదు అని అరగంట చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "తిరిగి వెళ్తుందన్న నమ్మకం లేదు" అని కారణం రాశారు. నా బదులు ఇంకొకరు వెళ్తున్నారు.

మాన్య

తా.క. బీమా ఇంకా నడుస్తోంది. వచ్చే నెల పోర్చుగల్‌లో నా కాలు విరిగితే డబ్బులొస్తాయి.

నయాపూల్, ఏప్రిల్ 2

చి. మాన్యకు,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలువెట్టి చింపిన. నేను పంపిన రెండు కవర్లు ఇయ్యాల వాపస్ వచ్చినయి. బయట నుంచి వచ్చే టపా తీసుకునేది లేదని పైన ముద్ర. అతికించింది అతికించినట్టే ఉన్నది. ఎవ్వలు ఇప్పలే. నువ్వు చెప్పేదాక ఆ మేడంకు ఏ ముచ్చటా తెల్వదు బిడ్డా.

కోర్టుకొచ్చే ప్రతి మనిషికీ ముందుగాల ఒక మాట చెప్తా: అడగనిదానికి జవాబియ్యకు. దొంగలకు గూడ చెప్పిన. ఇంటి పిల్లకు చెప్పలే.

నీ పెద్దబాపు

తా.క. కవర్లు వాపస్ వచ్చినయని మీ అమ్మకు చెప్పకు. అడిగినా సరే.