97 భాగించని సంఖ్య

అక్టోబరు 6, సోమవారం

ఉదయం 10.40కి సోని గుండె ఆపరేషన్‌కి అనుమతి ఆగిపోయింది. పిల్లకి తొమ్మిదేళ్లు. ఇచ్చిన ఆరోగ్య కార్డు నంబరు చెల్లదని విశాఖ ఆసుపత్రి కంప్యూటర్ చెప్పింది. సరైన నంబరు తెస్తే చేర్చుకోవడానికి శుక్రవారం సాయంత్రం నాలుగు దాకా బెడ్ ఉంచుతారు. రెండు వారాలు దాటితే కష్టమని డాక్టర్ ఫోన్‌లో అన్నాడు.

కార్డును చెదలు తినేశాయి. నంబరు మాత్రం తల్లి యర్రమ్మ ముంజేతి మీద ఉంది. కాగితం నిలవని ఇల్లని, కార్డు వచ్చిన వారమే సంతలో పచ్చబొట్టు పొడిపించుకుంది. గుమ్మలక్ష్మీపురంలో ఇరవై రెండేళ్లుగా విలేకరిని. ఇలాంటి రికార్డు చూడలేదు. నోట్‌బుక్‌లో నాలుగేసి అంకెలుగా రాసుకున్నాను: 5821 4774 1285.

ఇన్నేళ్లూ నా సేతి మీదే ఉంది గదా బాబూ, ఇప్పుడు నేదంటాదేటి, అని అడిగింది యర్రమ్మ.

సాయంత్రం 6

కార్డు ఆఫీసు ఆపరేటర్ రవిబాబు రూల్ చెప్పాడు. ప్రతి కార్డు నంబరూ 97తో శేషం లేకుండా పోవాలి. తప్పులు పట్టడానికి ఆ ఏర్పాటు. ఈ సంఖ్య 3తో పోతుంది. 5తో, 9తో, 11తో పోతుంది. 97తో భాగిస్తే 3 మిగులుతోంది. పేరుతో వెతికే వీలు అతని లాగిన్‌లో లేదు. నంబరు కొట్టి చూడటం రోజుకి మూడుసార్లే.

అక్టోబరు 7

ఒక్క అంకె తప్పనుకుని, 97తో పోయేలా మార్చి మూడు కొట్టించాను. మూడూ వేరేవాళ్లవి.

అక్టోబరు 8, బుధవారం

సోని కనిపెట్టింది. ఇంట్లో తల్లి ఒళ్లో పడుకుని చేతి మీది అంకెలు చదువుతోంది, ఊపిరి కోసం మధ్యలో ఆగుతూ. ఎటేపు నుంచి సదివినా ఒకటే సారూ, పేపర్లో రాత్తావు గానీ ఇది సూడనేదేటి, అని నవ్వింది.

నిజమే. 582147741285. వెనక నుంచీ అదే. ఇలా అటూ ఇటూ ఒకేలా ఉండే పన్నెండంకెల సంఖ్యను 11 తప్పక భాగిస్తుంది. సోమవారం 11తో పోయినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అక్టోబరు 9, గురువారం

సంత. పచ్చబొట్లు పొడిచే తవిటమ్మ అదే చోట కూర్చుని ఉంది. చెయ్యి చూడగానే గుర్తుపట్టింది. ఆమెకి అంకెలు రావు. నెమళ్లు వేసినట్టే వేసిందట, ఎడమన ఏముంటే కుడినా అదే. కార్డులో అటో రకం ఇటో రకం ఉన్నాయి బాబూ, సెయ్యికి అందమేటుంటాది, నానే సరిసేసినాను, అంది. సూడు ఎంత ముచ్చటగుందో, అని నాకు చూపించబోయింది. యర్రమ్మ చెయ్యి లాక్కుంది.

సాయంత్రం 5

మొదటి ఆరు అంకెలే నిజం. మిగతా ఆరూ పోయాయి. 582147తో మొదలై 97తో పోయే పన్నెండంకెల సంఖ్యలు 10,310. వాటిలో ఒకటి సోనిది. రోజుకి మూడు చొప్పున 3,437 రోజులు. తొమ్మిదేళ్ల ఐదు నెలలు. మళ్లీ వేశాను. అంతే వచ్చింది.

ఎన్ని రోజులు పడతాది బాబూ, అని యర్రమ్మ అడిగింది. నోట్‌బుక్ మూశాను.

అక్టోబరు 10, శుక్రవారం

సాయంత్రం 4.05. బెడ్ కురుపాం నుంచి వచ్చిన ఇంకో పాపకి ఇచ్చారు.

సోని కొత్త కార్డు అర్జీ మీద విచారణ నవంబరు 3, సోమవారం, ఉదయం 10.30. పిల్ల స్వయంగా హాజరు కావాలి.