కొక్కెం కింద కొత్త మనిషి

అమ్మకు నమస్కారం.

చక్కగా తిరుగుతున్న నాన్నను పట్టుకుని రోగిని చేస్తున్నానని నువ్వు నా మీద నేరం మోపావు. "నాలుగు పుస్తకాలు చదివి ఇంట్లో కూడా డిబేట్ పెడతావేమే?" అని రాశావు. ఆ నేరానికి ఇది నా జవాబు. ఇక్కడ మేమిద్దరం క్షేమమేనని ముందుగా రాయవలసిన వాక్యాన్ని మాత్రం రాయలేకపోతున్నాను. అబద్ధంతో వాదన మొదలుపెట్టడం నాకు చేతకాదు. పురుడయ్యాక అక్కా చంటిదీ కులాసాగా ఉన్నారని తెలిసి నాన్న ఎంతో సంబరపడ్డారు. ఆ సంబరం ఆయన ముఖంలో కనిపించలేదు. నోటితో చెబితేనే తెలిసింది.

ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకని అంటావేమో. ఫోన్ తీస్తే ఆయన వచ్చి పక్కనే కూర్చుంటారు. ఆయన గొంతు తగ్గింది గాని, చెవులు తగ్గలేదు.

పాలగిన్నె ఎలా మాడిందని అడిగావు. నాన్న పొయ్యి పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు. ఆ మాడు వాసన మేడ మీదున్న నన్ను కిందికి పరుగెత్తించింది. ఆయన్ను మాత్రం తాకనే లేదు. నిద్ర సరిగా పడుతోందా అని కూడా అడిగావు. కలలో ఎవరితోనో పోట్లాడుతూ గోడను గుద్దుతున్నారు. ఆ గుద్దులు పడలేకనే కదా, నువ్వు ఎప్పుడో పక్కగదికి మారావు! "కష్టపడే మనిషి, కలలోనూ పనే" అని అందరం నవ్వుకున్నాం. మనం నవ్వుకున్న ఆ ఏళ్లన్నిటా జబ్బు మన ఇంట్లోనే కాపురం చేస్తూ ఉంది.

ఇక నీ అసలు వాదన. టీవీ ముందు కూర్చున్నప్పుడు వణికే చెయ్యి, క్రేన్ లివర్ పట్టుకుంటే రాయిలా నిలుస్తుందని, పనిలో వణకని చేతికి రోగమేమిటని నువ్వు అన్నావు. నాన్న క్రేన్ నడిపే షెడ్డులో అందరూ అదే అంటారు. అక్కడ చేతిని అది చేసే పనిని బట్టే చూస్తారు. ఊరికే ఉన్న చేతిని ఎవరూ చూడరు. మన పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది.

మొన్న క్యారేజీ ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లాను. నాన్న పైన క్యాబిన్‌లో ఉన్నారు. కొక్కేనికి వేలాడుతూ ఇనుప దూలం వస్తోంది. కింద నిలబడి సైగలిస్తున్నది ఈల మావయ్య. నాకు ఊహ తెలిసినప్పటినుంచి నాన్న క్రేన్ కింద ఈల ఊదేది ఆయనే కనుక మనం పెట్టుకున్న పేరది. పిడికిలి ఎత్తితే ఆపమని అర్థం. నేల మీద తాను ఆగవలసిన గీతకు దూలం ఇంకా ఎంతో దూరంలో ఉండగానే ఆయన పిడికిలి ఎత్తేశారు. దూలం ఆగలేదు. నింపాదిగా వచ్చి, సరిగ్గా గీత మీద ఆగింది.

"మావయ్యా, అంత ముందుగా ఎత్తారేంటి?"

ఆయన అటూ ఇటూ చూశారు. "అన్నీ నీ కంటికే పడతాయేం?"

"చెప్పండి మావయ్యా."

"మీ నాన్న చెయ్యి నా మాట కాస్త ఆలస్యంగా వింటోందమ్మా. అందుకే నేనే ముందుగా చెబుతున్నా. మా ఇద్దరికీ అలా కుదిరిపోయింది. నువ్విక మైకు అందుకోకు తల్లీ, నీకో దణ్ణం."

ఇప్పుడు నీ దగ్గర దాచిన మాట. నువ్వు అక్క దగ్గరికి వెళ్లిన కొద్దిరోజులకే నాన్నను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఆయన్ను వరండాలో నడిపించి చూశారు. కుడిచెయ్యి ఊగకుండా ఒంటికి అంటుకుని ఉంది. మణికట్టు పట్టుకుని తిప్పితే పళ్లచక్రంలా ఆగి ఆగి కదిలింది. బొటనవేలికి చూపుడువేలు తాటిస్తూ ఉండమన్నారు.

"చిటికెలు వేయించడానికా డాక్టరుగారూ ఇంత దూరం రప్పించారు?" అని నాన్న నవ్వబోయారు.

"ఆపకండి. వెయ్యండి."

ఆ తాటింపులు చిన్నవై, మరీ చిన్నవై, ఆగిపోయాయి. నాన్న తన వేళ్లను ఎవరివో అన్నట్టు చూశారు. పార్కిన్సన్స్ వ్యాధి అని ఆవిడ తేల్చారు. ఇది రక్తపరీక్షలో దొరికేది కాదట. పనిలో నిలకడగా ఉన్న చెయ్యి ఒడిలో వణకడమే దాని గుర్తట. వాసన తెలియకపోవడం, కలలో గోడను గుద్దడం, ముఖంలో సంబరం కనిపించకపోవడం, గొంతు తగ్గడం కూడా దానివేనట. నయం కాదు గాని, మందులతో చాలా ఏళ్లు నెట్టుకురావచ్చు. మాత్రలు రోజూ వేళకు పడాలి, ఉన్నట్టుండి మానకూడదు. నడవాలి, గొంతెత్తి చదవాలి. లేచినప్పుడు కళ్లు తిరగవచ్చు, కూర్చుంటే నిద్ర ముంచుకురావచ్చు. కనుక ఎత్తున పనిచేయకూడదు, యంత్రాలు నడపకూడదు.

నువ్వు తిరిగి వచ్చేదాకా చెప్పనని నాన్న నా చేత మాట తీసుకున్నారు. ఆ మాట ఈ ఉత్తరంతో తప్పుతున్నాను. ఎందుకంటే, ఆయన యంత్రానికి నూనె పోసినట్టు క్యాబిన్ ఎక్కే ముందు మాత్రమే మాత్ర వేసుకుంటున్నారు. ఆదివారం షెడ్డుకు సెలవు, మాత్రకూ సెలవే. "పని లేని రోజు మందెందుకే, దండగ" అంటారు. సోమవారం తెల్లవారేసరికి ఒళ్లు కొయ్యబారి, చొక్కా గుండీలు నేను పెట్టవలసి వస్తోంది. అదే ఒంటితో క్రేన్ నిచ్చెన ఎక్కుతున్నారు.

ఈ శనివారం ఈల మావయ్య రిటైరవుతున్నారు. సోమవారం నుంచి కొక్కెం కింద కొత్త మనిషి నిలబడతాడు. పని బాగా తెలిసినవాడట. పిడికిలి ఎక్కడ ఎత్తాలో అక్కడే ఎత్తుతాడు. దూలం అక్కడ ఆగదు.

నాన్నకు నేను చెప్పి చూశాను. "సరే, నువ్వే గెలిచావు, క్యారేజీ ఇలా తే" అని వెళ్లిపోయారు. మేనేజరుతో చెప్పవచ్చు కదా అంటావు. చెబుతాను. నువ్వు రాకపోతే సోమవారం షిఫ్టు మొదలయ్యేలోగా మేనేజరు గదిలో ఉంటాను. కాని నాన్న తనంతట తాను దిగడం వేరు, పదిమంది ముందు దించేయడం వేరు. మొదటిది నీ వల్లనే అవుతుంది.

ఈ ఉత్తరం అక్కకూ బావకూ గట్టిగా చదివి వినిపించు. నేను చెప్పినదాంట్లో ఒక్క మాటైనా తప్పని మీ ముగ్గురిలో ఎవరైనా చూపించగలిగితే ఓటమి ఒప్పుకుంటాను. చూపించలేకపోతే, అక్కా, అమ్మను ఒక్కరోజు కూడా ఆపకు. బావా, టికెట్టు తీయండి. అమ్మా, ఆదివారం నాటికి ఇంట్లో ఉండు. ఆ నిచ్చెన ఇక ఎక్కవద్దని ఆయనకు నీ నోటితో చెప్పు.

ఇట్లు,
నాన్నకిచ్చిన మాట తప్పిన
నీ చిన్నకూతురు